కోడిపిల్లలు తెచ్చే ముందు గూడు తలుపు ఎవరు వేస్తారో తేల్చుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో పెరట్లో కోళ్లు పెంచుకుంటున్న కుటుంబాల మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. ఫొటోలో ఆ పాప రెండు అరచేతుల మధ్య కోడిపిల్లను పట్టుకుని బుగ్గకు ఆనించుకుని నవ్వుతుంటే మా పిల్లలకు మొదటి రోజు గుర్తొచ్చింది. వ్యాసం బాగుంది, కాదనను. అయితే అది చదివి మా వీధిలోనే ఇద్దరు నన్ను కోడిపిల్లలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. గూడు కట్టారా అంటే, ముందు పిల్లల్ని తెచ్చుకుంటాం, అవి పెద్దయ్యేలోగా కట్టుకుంటాంలే అన్నారు. మూడేళ్ల కిందట మేమూ సరిగ్గా అదే మాట అనుకున్నాం. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, వీలైతే వేయండి.

కోళ్లు పెంచొద్దని చెప్పడానికి రాయడం లేదు. ఇప్పుడు మా పెరట్లో తొమ్మిది పెట్టలున్నాయి, ఎవరెంత చెప్పినా వాటిని వదులుకోం. నేను చెప్పేది ఒక్కటే. మేత ఎవరైనా వేస్తారు, గుడ్లు ఏరడానికి పిల్లలు పోటీ పడతారు, కానీ రోజూ పొద్దుగూకే వేళకి గూడు దగ్గరికి వెళ్లి, తలలు లెక్కపెట్టి, తలుపు మూసి గడియ పెట్టేది ఎవరు? వానొచ్చిన రోజు, ఒంట్లో బాగాలేని రోజు, ఊరెళ్లాల్సిన రోజు ఎవరు? ఆ పేరు తేలకుండా పిల్లల్ని ఇంటికి తేవద్దు. ఇది మేం నాలుగు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాం.

మొదటి ఏడాది మాకు ఏడు పెట్టలు. కోళ్లకు మసక చీకట్లో చూపు సరిగ్గా ఆనదు, అందుకే వెలుతురు తగ్గగానే ఎవరూ తోలకుండానే ఒకదాని వెనక ఒకటి గూట్లోకి వెళ్లిపోతాయి. అది చూసి మాకు ధీమా వచ్చేసింది, వాటంతట అవే వెళ్తున్నాయి కదా, తలుపు ఎవరో ఒకరు వేస్తారులే అని. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. నేనేమో మా ఆయన వేశారనుకున్నాను, ఆయన మా పెద్దమ్మాయి వేసిందనుకున్నారు, అది నానమ్మ వేసుంటుందనుకుంది, అత్తయ్యగారు మోకాళ్ల నొప్పితో ఆ పూట తొందరగా పడుకున్నారు. తెల్లారి నీళ్లు పోద్దామని వెళ్తే తలుపు బార్లా తీసి ఉంది. గూడు ముందు నేలంతా గుప్పెళ్లకొద్దీ ఈకలు. రక్తం పెద్దగా లేదు. మూడు లోపలే పడి ఉన్నాయి, మెడ దగ్గర తప్ప ఒంటి మీద గాటు లేదు. ఒకటి అసలు కనబడలేదు, ఎంత వెతికినా దొరకలేదు. మిగిలిన మూడింట్లో ఒకటి అన్నిటికన్నా పైకర్ర మీద గోడకు అతుక్కుని కూర్చుంది, మధ్యాహ్నం దాకా కిందికి దిగలేదు, గింజలు చల్లినా చూడలేదు. చివరికి నేనే ఎత్తుకుందామని పట్టుకుంటే కర్రను ఎంత గట్టిగా పట్టుకుందంటే, దాని కాలివేళ్లు ఒక్కొక్కటిగా విడదీయాల్సొచ్చింది. చేతుల్లోకి తీసుకున్నాక కూడా చాలాసేపు దాని గుండె నా అరచేతికి కొట్టుకుంటూనే ఉంది.

వచ్చింది ఏ జంతువో మాకు ఇప్పటికీ తెలీదు. మెడ పట్టి చంపే పిల్లి లాంటిదేదో అయ్యుంటుంది. ఇలాంటి జంతువులు మూసి ఉన్న చోట్లో కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ అటూఇటూ పరుగెడుతుంటే ఒకదాంతో ఆగవు, తినేదానికన్నా ఎక్కువే చంపేస్తాయి. దాన్ని తిట్టుకుని లాభం లేదు. తలుపు తీసి పెట్టింది మేము.

ఆ రోజు నుంచి వంటింటి గోడకు ఒక మేకు కొట్టాం, గూటికి తాళం పెట్టాం. తలుపు వేసినవాళ్లు తాళంచెవి తెచ్చి ఆ మేకుకు తగిలించాలి. రాత్రి అన్నానికి కూర్చునేటప్పుడు మేకు ఖాళీగా కనబడితే తలుపు వేయనట్టే, ఎవరో ఒకరు లేచి వెళ్లాల్సిందే, కంచంలో వడ్డించేసినా సరే. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది, కానీ ఆ మేకు పెట్టాక రెండేళ్లలో ఒక్క కోడి కూడా రాత్రిపూట పోలేదు. మా చిన్నోడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, మంగళ, గురు, శనివారాలు వాడి వంతు. లెక్క తొమ్మిదికి ఎనిమిదే వస్తే టార్చి పట్టుకుని చెట్టు కిందా గోడ వెనకా వెతుకుతాడు గానీ ఊరికే తాళం వేసి రాడు.

గూడు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తలుపు వేసినా గూడు గట్టిగా లేకపోతే వేయనట్టే. కోళ్ల వల అని అమ్మే ఆరు మూలల కన్నుల పల్చటి వల కోడి బయటికి పోకుండా ఉండటానికే పనికొస్తుంది, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపడానికి కాదు. కుక్క పళ్లతో పట్టి లాగితే ఊడొస్తుంది, పాములూ ఎలుకలూ కన్నుల్లోంచే దూరతాయి. అర అంగుళానికి మించని కన్ను ఉన్న, వెల్డింగ్ చేసిన ఇనుప వల కావాలి. అది నేల దగ్గర ఆగిపోకూడదు, అడుగు లోతున మట్టిలోకి దిగాలి, తవ్వడం కుదరని చోట గూడు చుట్టూ బయటివైపు అడుగున్నర వెడల్పున నేల మీదే పరిచి పైన మట్టి కప్పేయొచ్చు. తవ్వే జంతువు మామూలుగా గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు, అక్కడ వల తగిలితే వదిలేస్తుంది. లోపల కోడికి కనీసం నాలుగు చదరపు అడుగుల చోటు, బయట తిరగడానికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు ఉంటే ఒకదాన్నొకటి పొడుచుకోవడం తగ్గుతుంది. పడుకునే కర్ర గుడ్లు పెట్టే గంపలకన్నా ఎత్తులో ఉండాలి. కోడికి ఎత్తయిన చోటే పడుకోవాలని ఉంటుంది, గంప పైన ఉంటే రాత్రంతా గంపలోనే కూర్చుని రెట్ట వేస్తుంది, పొద్దున పెట్టిన గుడ్డు అందులోనే పడుతుంది. గాలి పోవడానికి సందులు కోళ్ల తలల కన్నా పైన పెట్టాలి, ఎదురుగాలి వాటి ఒంటికి తగలకూడదు. ఇవన్నీ పిల్లలు రాకముందు చేసే పనులు. వచ్చాక చేద్దామంటే కుదరదు, ఆరు వారాలకే అవి అట్టపెట్టెలో పట్టకుండా పోతాయి, మీరు హడావుడిగా దొరికిన చెక్కలతో ఏదో ఒకటి నిలబెడతారు. మేం అదే చేశాం.

ఇక కోడిపిల్లల సంగతి. గుడ్డులో ఇరవై ఒక్క రోజులుండి బయటికొచ్చిన పిల్ల కడుపులో ఇంకా కొంచెం పచ్చసొన మిగిలి ఉంటుంది, దాంతో రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతుంది, అందుకే వాటిని అంత దూరాల నుంచి పెట్టెల్లో పంపగలుగుతున్నారు. ఇంటికొచ్చాక మాత్రం ముందు నీళ్లే చూపించాలి, ముక్కు ఒకసారి నీళ్లలో ముంచి వదిలితే తాగడం తెలుసుకుంటాయి. మేం పది పిల్లల్ని తెచ్చాం. మొదటి రాత్రే ఒకటి నీళ్ల గిన్నెలో పడి పోయింది. లోతు రెండు అంగుళాలే. పొద్దున మా అమ్మాయి లేచేసరికి దాన్ని తీసేశాను కానీ అది లెక్కపెట్టుకుంది, తొమ్మిదే ఉన్నాయేంటమ్మా అంది. లోతులేని పళ్లెం పెట్టి అందులో గులకరాళ్లు వేస్తే ఆ పిల్ల బతికేది. ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

వెచ్చదనం ఇంకో ముఖ్యమైన సంగతి. మొదటి వారం పిల్లలున్న చోట 35 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి, ఈకలు పూర్తిగా వచ్చేదాకా. థర్మామీటర్ లేదని టెన్షన్ పడక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుకీచుమని అరుస్తుంటే చలి. అన్నీ బల్బుకు దూరంగా మూలలకు జరిగి నోరు తెరుచుకుని ఉంటే వేడి ఎక్కువైంది. పెట్టె అంతా చెదిరి, కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే సరిపోయింది. మూడోరోజు ఒకదాని వెనక భాగంలో రెట్ట ఎండి అంటుకుని దారి మూసుకుపోయింది, దాన్ని అలాగే వదిలేస్తే చచ్చిపోతుంది. అత్తయ్యగారు గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి, లాగకుండా నానబెట్టి, మెల్లగా తుడిచారు. పావుగంట పట్టింది. తర్వాత దాన్ని కొంగులో చుట్టుకుని ఆరేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పెట్ట ఇప్పటికీ ఉంది, ఆ రాత్రి పైకర్ర మీద మిగిలింది అదే.

పిల్లలు అమ్మినాయన అన్నీ పెట్టలే, టీకాలన్నీ అయిపోయాయి అన్నాడు. రెండూ నిజం కాదు. రెండు పుంజులయ్యాయి. టీకా గురించి ఏ టీకా, ఏ రోజు వేశారు అని మేం గట్టిగా అడిగి ఉండాల్సింది. మారెక్స్ అనే జబ్బుకు టీకా పిల్ల పుట్టిన మొదటి రోజే, అది పొదిగిన చోటే వేస్తారు, ఆ తర్వాత ఇంట్లో మనం వేసినా పెద్దగా ఫలితం ఉండదు. ఆ జబ్బొస్తే కోడి ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాచి పడిపోతుంది, దానికి మందు లేదు. రెండోది మనవాళ్లు కొక్కెర తెగులు అనే రాణీఖేత్. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర 1926లో దీన్ని గుర్తించారు కాబట్టి బయటి దేశాల్లో న్యూకాజిల్ జబ్బంటారు. నోరు తెరిచి ఎగశ్వాస, పచ్చటి విరేచనాలు, రెక్కలు వాల్చేయడం, కొన్నిటికి మెడ మెలితిరిగిపోవడం. ఇది వచ్చాక చేయగలిగింది ఏమీ లేదు. రాకముందు మాత్రం చుక్క టీకా మందు కంట్లోనో ముక్కులోనో వేస్తే చాలు, మొదటి వారంలో ఒకసారి, నాలుగు వారాలకు ఇంకోసారి, ఆ తర్వాత పశువుల డాక్టరు చెప్పినట్టు.

అయితే ఇక్కడ చిన్న కుటుంబాలకు ఒక ఇబ్బంది ఉంది, మీ వ్యాసంలో దాని ఊసే లేదు. ఆ టీకా సీసాలు మామూలుగా వంద కోళ్లకు, ఆపైన సరిపడేలా వస్తాయి. కలిపాక చల్లగా ఉంచి కొద్ది గంటల్లోనే వాడేయాలి, మర్నాటికి దాచిపెడితే పనికిరాదు. ఏడు కోళ్లున్నవాళ్లు వంద కోళ్ల సీసా కొనడమెందుకని ఊరుకుంటారు. పక్క వీధిలో ఒకరి పన్నెండు కోళ్లు ఇలాగే వారం రోజుల్లో పోయాయి, ఆవిడ ఒక్కో దాన్ని గోనెలో చుట్టి పాతిపెట్టడం మేం చూశాం. తర్వాత ఐదు ఇళ్లవాళ్లం మాట్లాడుకుని ఒకే రోజు పెట్టుకున్నాం. సీసా ఒకటే, ఐసు డబ్బాలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి రెండు గంటల్లో అన్నిటికీ వేసేశాం. ఒకరి గూట్లోంచి ఇంకొకరి గూట్లోకి వెళ్లేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని చెప్పులు మార్చుకున్నాం, ఎందుకంటే జబ్బును మోసుకెళ్లేది చాలాసార్లు మన కాళ్లే.

మీ పేపర్లోనే మూడు రోజుల తర్వాత ఒక పాఠకుడు ఇళ్ల మధ్య కోళ్లను నిషేధించాలని, వాసన, పుంజుల కూత భరించలేకపోతున్నామని రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. పక్కింటివాళ్ల ముక్కు మూయించే హక్కు మనకు లేదు. కానీ ఆ వాసన కోడిది కాదు, తడిది. రెట్ట తడిగా ఉంటే అందులోంచి అమ్మోనియా వస్తుంది, కళ్లు మండుతాయి, మనకు నిలబడ్డ ఎత్తులో తెలియకపోయినా కోడి తల ఎత్తుకు వంగి చూస్తే తెలిసిపోతుంది. అందుకే నేను రోజూ పొద్దున గూట్లోకి వంగి ఒకసారి ఊపిరి పీలుస్తాను. ముక్కు ఘాటెక్కితే కింద పరిచిన చెక్కపొట్టు ఆ రోజే మార్చేస్తాను, పొడిగా ఉంటే ఊరికే తిరగేసి పైన ఇంకొంచెం చల్లుతాను. నీళ్ల డబ్బా కారకుండా చూసుకుంటే సగం వాసన అక్కడే పోతుంది. తీసిన పెంట పచ్చిగా మొక్కలకు వేస్తే వేళ్లు మాడిపోతాయి, ఎండుటాకులతో కలిపి గుట్టగా పోసి కొన్ని నెలలు మాగనిస్తే అంత మంచి ఎరువు ఇంకోటి ఉండదు. ఆ ఎరువు పక్కింటివాళ్లకు కూడా ఇస్తున్నాం.

పుంజు కూత గురించి ఆయన రాసింది మాత్రం నేను ఒప్పుకుంటాను. పుంజు తెల్లారకముందే మొదలుపెడుతుంది. చాలామందికి తెలీని సంగతేంటంటే గుడ్లకు పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, పొదిగితే పిల్లలు రావు అంతే. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట పుంజును ఉంచుకోవడం తప్పనే నా అభిప్రాయం. కాబట్టి కోడిపిల్లల్ని తెచ్చేటప్పుడే సగం పుంజులు కావొచ్చని అనుకుని, వాటిని ఏం చేస్తామో ఇంట్లో పిల్లలకు ముందే చెప్పాలి. మేం చెప్పలేదు. మా రెండు పుంజులు దూరంగా పొలంలో ఉండేవాళ్లకు ఇచ్చాం, ఇచ్చిన రోజు మా చిన్నోడు అన్నం తినలేదు. ముందే చెప్పి ఉంటే వాడు వాటికి పేర్లు పెట్టేవాడు కాదేమో.

గుడ్ల గురించి రాయకుండా ఉండలేను. సుమారు ఐదు నెలలు నిండాక ఒక రోజు మా అమ్మాయి గూట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చేయి పట్టుకుని లాక్కెళ్లింది. పెట్ట అప్పుడే లేచింది. గంపలో గుడ్డు తడితడిగా మెరుస్తోంది, చేత్తో తాకితే మనిషి ఒళ్లంత వెచ్చగా ఉంది. మేం చూస్తుండగానే ఆ తడి ఒక వైపు నుంచి ఆరుకుంటూ వచ్చి గుడ్డంతా కాంతి తగ్గి మామూలు గుడ్డయిపోయింది. ఆ తడే పల్చటి పొరగా ఆరి పెంకులో కంటికి కనబడని రంధ్రాలను మూసేస్తుంది, లోపలికి సూక్ష్మక్రిములు పోకుండా కాపాడుతుంది. అందుకే గుడ్లను కడిగి దాచకూడదు. మురికైతే పొడిగుడ్డతో తుడవాలి, కడిగితే వెంటనే వండేయాలి.

ఒక గుడ్డు తయారవడానికి పెట్టకు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు గంటలు పడుతుంది, అందులో ఇరవై గంటలదాకా పెంకుకే పోతుంది. ఒక్కో పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, మేతలో అది లేకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. ఇది తెలిశాక నాకు గుడ్డు మీద గౌరవం పెరిగింది. అందుకే గుడ్లు పెట్టేవాటికి ఆల్చిప్పల పొడి ఒక గిన్నెలో విడిగా పెడతాం, ఏది ఎంత తినాలో అవే చూసుకుంటాయి. గుడ్లు పెట్టే కోళ్ల దాణా మాత్రం చిన్నపిల్లలకు వేయకూడదు, అందులోని కాల్షియం వాటి మూత్రపిండాలను పాడు చేస్తుంది. కోడికి పళ్లుండవు కదా, గింజలు నలిగేది కందనకాయలో, దానికి ఇసుక, సన్న రాళ్లు కావాలి. కంచె వేసిన చోట తిరిగే కోళ్లకు అవి మనమే ఇవ్వాలి. రోజుకు ఒక్కోటి వంద నుంచి నూట ఇరవై గ్రాముల మేత తింటుంది, పావులీటరు దాకా నీళ్లు తాగుతుంది, ఎండాకాలం దానికి రెట్టింపు. వాటికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకోవడమే వేడి తగ్గించుకునే ముఖ్యమైన దారులు. ఎండల్లో మేం నీళ్లు నీడలో పెట్టి రోజుకు మూడుసార్లు మారుస్తాం.

గుడ్లు రోజూ వస్తాయని మాత్రం ఎవరూ లెక్కలేసుకోవద్దు. రోజులో పద్నాలుగు గంటలకన్నా వెలుతురు తగ్గితే పెట్టడం తగ్గుతుంది. ఏడాదికోసారి ఈకలన్నీ రాల్చుకుని కొత్తవి వేసుకునేటప్పుడు వారాల తరబడి ఆపేస్తాయి, ఆ రూపం చూసి జబ్బనుకుని మేం డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. పొదగడానికి కూర్చున్నది అసలు పెట్టదు. మొదటి రెండేళ్లు బాగా పెట్టి ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది, కానీ కోడి ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్లదాకా బతుకుతుంది. మిగిలిన ఆ ఏళ్లు దాన్ని ఏం చేస్తారు? దీనికి ఎవరి జవాబు వాళ్లది, నేను తప్పొప్పులు ఎంచను. మాకు మాత్రం గుడ్లు మానేసిన ముగ్గురు ముసలి పెట్టలున్నాయి, ముగ్గురు అని రాయడం అలవాటైపోయింది, వాటిని అలాగే ఉంచుకున్నాం.

వాటితో ఆరు కొత్త పెట్టల్ని కలపడం మా మూడేళ్లలో అన్నిటికన్నా కష్టమైన పని. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరస ఉంటుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే అనే ఆయన చిన్నప్పటి నుంచీ కోళ్లను చూస్తూ నోట్సు రాసుకుని, 1921లో దీన్ని శాస్త్రంగా బయటపెట్టారు. కొత్తవి రాగానే ఆ వరస అంతా చెదిరిపోతుంది, మళ్లీ కుదిరేదాకా యుద్ధమే. మేం కొత్తవాటిని నెల రోజులు వేరే చోట, వేరే గిన్నెలతో ఉంచాం. జబ్బులేమైనా ఉంటే ఆ నెలలో బయటపడతాయి. తర్వాత పది రోజులు మధ్యలో వల పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనిచ్చాం. ఆ తర్వాతే ఒక రాత్రి కొత్తవాటిని ఎత్తి పాతవాటి పక్కన కర్ర మీద కూర్చోబెట్టాం. పొద్దున కొంచెం గొడవ జరిగింది గానీ రక్తం రాలేదు. తొందరపడి మొదటి రోజే కలిపేసినవాళ్ల కోళ్లకు తల మీది ఈకలు ఊడిపోవడం నేను చూశాను, ఒకసారి రక్తం కనబడితే మిగిలినవన్నీ అక్కడే పొడుస్తాయి.

పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. మీ ఫొటోలో పాప కోడిపిల్లను బుగ్గకు ఆనించుకుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ దయచేసి అలాంటి ఫొటోలు వేయకండి. పైకి ఆరోగ్యంగా కనబడే కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండొచ్చు, ఈకలకూ కాళ్లకూ అంటుకుని ఉంటుంది, ఐదేళ్లలోపు పిల్లలకు అది సోకితే విరేచనాలతో ఆసుపత్రి దాకా వెళ్లాల్సొస్తుంది. ముద్దు పెట్టుకోకూడదు, పట్టుకున్న వెంటనే సబ్బుతో చేతులు కడగాలి, గూట్లోకి వేసుకెళ్లే చెప్పులు ఇంట్లోకి తేకూడదు. అలాగే మేత, నీళ్లు బయటి పక్షులకు అందకుండా కప్పు కింద పెట్టాలి. బర్డ్ ఫ్లూ ఎక్కువగా నీటి పక్షుల నుంచి వస్తుంది. ఉన్నట్టుండి ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే వాటిని వట్టి చేతులతో ముట్టుకోకుండా, ఎవరికీ ఇవ్వకుండా పశువైద్య శాఖవాళ్లకు చెప్పాలి. చెబితే మన కోళ్లను తీసుకెళ్తారన్న భయంతో దాచిపెడితే చుట్టుపక్కల అన్ని గూళ్లకూ పాకుతుంది.

సంపాదకులు గారూ, మిమ్మల్ని అడిగేది ఇదే. ఇలాంటి వ్యాసాలు మళ్లీ వేసేటప్పుడు ఎన్ని గుడ్లు వచ్చాయో రాసిన చోటే, ఆ కుటుంబంలో రాత్రి తలుపు ఎవరు వేస్తున్నారు, ఊరెళ్తే ఎవరికి అప్పజెబుతున్నారు, టీకాలు ఎలా వేయిస్తున్నారు, గుడ్లు మానేసినవాటిని ఏం చేస్తున్నారు, ఈ నాలుగూ అడిగి రాయించండి. చిన్నగా కోళ్లు పెంచేవాళ్లకు పది, ఇరవై కోళ్లకు సరిపడే టీకా సీసాలు ఎందుకు సులువుగా దొరకవో మీ విలేఖరులతో ఒక వార్త రాయించండి. మాలాంటివాళ్లు అడిగితే దుకాణంలో భుజాలెగరేస్తారు, మీరడిగితే జవాబు చెబుతారు.

నన్ను పిల్లల కోసం అడిగిన ఆ ఇద్దరిలో ఒకరు నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చారు. గూడు తలుపు చూసి, వల కన్ను టేపుతో కొలుచుకుని, వంటింట్లో మేకు ఎక్కడ కొట్టామో కూడా చూసి వెళ్లారు. పిల్లల్ని రెండు నెలలు వాయిదా వేసుకున్నారట. రెండో ఆయన మాత్రం వచ్చే వారమే తెస్తున్నారు, గూడు ఇంకా మొదలుపెట్టలేదు. ఆయన మీ పేపరు రోజూ చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు